సదయ్య నాలుగు కాళ్ల అర్ర

మా గల్లీల ఎవరింటి ముందట కొత్త చెప్పుల జత కనవడ్డా, అవి ఎవరియో తెలిసేదాక నాకు బువ్వ సయించదు. చదివింది ఐదో తరగతే గని, అడుగుట్ల నాకు సాటి ఎవ్వలు రారు. మా ఇంటాయన బతికున్నప్పుడు "పోశీ, నిన్ను పోలీసోళ్లు పిలిచి నౌకరి ఇయ్యాలె" అనేటోడు. అసొంటి నాకు, ఎదురింటి సదయ్య తన వాకిట్ల ఇనుప చట్రం ఒకటి నిలవెడుతుంటె, అదేందో వారం దాక తెలువకపాయె. ఆ వారం నేనెట్ల గడిపిన్నో నాకే ఎరుక.

ఇది రాయొచ్చునా అని సదయ్య భార్య సారవ్వను అడిగినంకనే రాస్తున్న. "రాయక్కా, నా అసొంటి ఆడోళ్లు ఎంతమంది నోరు మూసుకొని ఇంట్ల కూసున్నరో" అన్నది. అందుకే పేరు మార్చకుండ రాస్తున్న.

ముందు సదయ్య సంగతి. గోదావరిఖనిల బొగ్గుబాయిల టింబర్‌మన్ పని చేసి రిటైరైండు. బొగ్గు తీసినకాడ పైకప్పు కూలకుండ కట్టె దిమ్మెలు నిలవెట్టెటోళ్లను టింబర్‌మన్లు అంటరు. దిమ్మె నిలవెట్టి, దాని నెత్తిమీద చెక్క చీల దూర్చి, సుత్తెతోటి కొట్టి కొట్టి, అది టంగుమని మోగితేనే సదయ్య అక్కడికెల్లి కదిలేటోడట. ఆయన పెట్టిన దిమ్మె కింద మిగిలినోళ్లు సద్ది విప్పుకొని బేఫికర్‌గ తినేటోళ్లట. ఆ అలవాటు ఆయనకింకా పోలే. ఎవరింటికి పోయినా కూసునే ముందు పైకి చూస్తడు. పెండ్లి పందిరి కిందికి పోయినా పైకే. మా ఇంటికి చాయ తాగ వస్తె, రేకుల కింది వాసాన్ని కట్టెతోటి ఒక్కటి కొట్టి, చెవి ఒగ్గి విని, "మంచిగనే ఉన్నది వదినె" అని అప్పుడు పీట మీద కూసుంటడు.

సారవ్వ దానికి ఉల్టా. ఆమెకు నడుము వంగింది. నడిస్తె మొకం నేల దిక్కే. మా గల్లీల ఎవరి చెవికమ్మ పోయినా, ఎవరి తాళంచెవి పడ్డా సారవ్వకే దొరుకుతది. ఒకలు పైకి, ఒకలు కిందికి. ఆ మొగుడు పెండ్లాలు ఒకరి మొకం ఒకరు ఎప్పుడు చూసుకుంటరో అని నేను నవ్వేదాన్ని.

గని సారవ్వ ఎటూ పోదు. పెండ్లికి పిలిస్తె రాదు, బారసాలకు పిలిస్తె రాదు. గల్లీ మొగదాక కూరగాయలకు వస్తది, మల్ల ఇంట్లనే. "సారవ్వకు గర్వమమ్మా" అన్నోళ్లున్నరు. నేను గూడ మొదట్ల గట్లనే అనుకున్న, ఎందుకంటె అడిగినా చెప్పకపోయేది. నేనడిగితె చెప్పనోళ్లు చాన తక్కువ.

ఇగ ఆ చట్రం. వెల్డింగ్ జైపాల్ వచ్చి ఇనుప పట్టీలు అతుకవెట్టి పోయిండు. తర్వాత చుట్టూ రేకులెక్కినయ్. ఓ దిక్కు చిన్న కిటికీ, దానికి పూల పరద. యెనుక తలుపు. నీలం రంగు వేసిండు. నాలుగు మూలలకు నాలుగు జాకీ కాళ్లు, ఒక్కో కాలుకు తిప్పే పిడి. పిడి తిప్పితె కాలు పొడుగవుతది, డబ్బ పైకి లేస్తది. మా గల్లీల ఎవరికి తోచింది వాళ్లు అన్నరు. పాన్‌డబ్బ అన్నరు. కోళ్ల గూడు అన్నరు. రిటైరైనోళ్లకు పని లేక పిచ్చి లేస్తదన్నోళ్లు గూడ ఉన్నరు.

నాకు ఇగ ఆగక, ఓ పొద్దుగాల చాయ గిలాస పట్టుకొని పోయిన.

"ఏందయ్యా సదయ్యా ఇది? టిఫిన్ సెంటర్ పెడుతున్నవా?"

"పనికొచ్చేదే వదినె."

"పనికి రానిదైతె నువ్వెందుకు చేస్తవు? ఏం పనికొస్తదో చెప్పు."

"చెప్త, చెప్త. జర చాయ తాగనియ్యి."

గిలాస చేతికిచ్చి నేను తలుపు తీసిన. ఆయన "వదినె, వదినె" అనేలోపే చూసేసిన. లోపల సన్న మంచం, గోడకు నీళ్ల డ్రమ్ము, మూలకు ప్లాస్టిక్ పరద. పరద జరిపిన. బొక్క చేసిన కుర్చీ, కింద మూత పెట్టిన బకెటు. దవాఖానల మంచం పట్టినోళ్లకు పెట్టేటి కుర్చీ అసొంటిది.

సదయ్య చాయ చల్లారినా తాగకుండ గిలాసలకే చూస్తున్నడు. అప్పుడు యెనుకకెల్లి సారవ్వ అన్నది:

"చూసినవు గదా అక్కా. ఇగ ఇంట్లకు రా. సగం చూసి పోయి గల్లీల పూర్తి చెప్పేకంటె, పూర్తి ఇని పో."

వంటింట్ల కూసుండవెట్టి చెప్పింది. గర్భసంచి ఆపరేషన్ అయినకాంచి ఆమెకు ఒంటికి ఆగదు. వచ్చిందంటె వచ్చినట్టే. కింద గొంతుకూసునుడు గూడ నడుముతోటి కాదు. ఓసారి మందమర్రికి బస్సుల పోతుంటె, "జర ఆపు కొడుకా" అని డ్రైవర్‌ను బతిమాలింది. ఆయన స్టేజీ వచ్చినంకనే అన్నడు. స్టేజీ వచ్చేసరికి చీర తడిసింది. సీట్ల కూసున్న పిల్లగాళ్లు ముక్కు మూసుకున్నరట. దిగి, చెట్టు చాటుకు నిలవడి, చీర ఆరేదాక ఉండి, ఆటోల ఇంటికి మర్లింది. ఆనాటికెల్లి మల్ల బస్సెక్కలే.

"నాకన్న చెప్పకపోతివి?" అన్న.

"నీకు చెప్తె గల్లీకి చెప్పినట్టే గదా అక్కా" అని నవ్వింది. నాకు రోషం రాలే. నిజమే గదా.

మేం మాట్లాడుతుండంగనే ఫోను మోగింది. సారవ్వ చెవులకు జర తక్కువ, ఎప్పుడూ స్పీకర్ పెడుతది. అందుకే నేను విన్న. నా తప్పు లేదు. గోలేటికెల్లి చెల్లె రాజకుమారి. తల్లి సచ్చిపోతె ఆ చెల్లెను సారవ్వనే సాకింది. సంకల ఎత్తుకొని తిరిగింది, బడికి తోలింది, పెండ్లి చేసింది. అసొంటి చెల్లె ఇంటికి ఇన్నేండ్లు పోకపోతె ఎవరి మనసు నొవ్వదు?

"అక్కా, మా శోభ బిడ్డకు ఆదివారం ఇరవై ఒకటో దినం. తొట్లెల నువ్వే వెయ్యాలె."

"రాజీ, నాకు నడుము…"

"నడుము, జరం, సుట్టాలొచ్చిన్రు. అన్నీ విన్ననక్కా. ఇల్లు కట్టుకుంటె రాలే. నా బిడ్డ శోభ పెండ్లికి రాలే. మా అత్తగారోళ్లు అడుగుతున్నరు, మీ అక్క బతికే ఉన్నదా అని. ఇగో, చివరిసారి చెప్తున్న. నువ్వు రాకుంటె తొట్లె ఎవరితోనన్న వేయించుకుంట. గని ఇగ నాకు అక్క లేదనుకుంట. ఫోను గూడ చెయ్యకు."

పెట్టేసింది. సారవ్వ ఫోను ఒళ్లె పెట్టుకున్నది.

"దానికన్న చెప్పు సారవ్వా. సొంత చెల్లె."

"ఎట్ల చెప్పాలె అక్కా? అది చిన్నప్పుడు పక్క తడిపితె నేను బట్టలు మార్చిన. ఇప్పుడు నాకు గట్లయితుందని దానికి ఎట్ల చెప్పాలె?"

అప్పుడు సమజైంది నాకు ఆ నీలం డబ్బ ఏందో. సదయ్య ఫోన్ల ఎక్కడనో చూసిండట. ఏ దేశంలనో, లారీ మీద అర్ర, అంటె చిన్న గది, ఎక్కించుకొని తిరుగుతరట. ఆగినకాడ అర్రను కాళ్ల మీద నిలవెట్టి, లారీని ఖాళీగ తీసుకొని పోతరట. ఆయన చెల్లె కొడుకు అంజికి చిన్న ట్రక్కు ఉన్నది. దినాం మార్కెట్టుకు కూరగాయలు మోస్తడు. దాని మీద శాశ్వతంగ అర్ర కడితె అంజి పొట్ట ఎట్ల గడుస్తది? అందుకే ఎక్కిచ్చుడు, దించుడు కాళ్ల అర్ర. రోడ్డు మీద పోతుంటె సారవ్వ ముందట డ్రైవర్ పక్కకు కూసుంటది. అక్కర వడితె బండి ఆపుతరు, లోపలికి పోతది, వస్తది. గోలేటిల దించితె ఉన్నన్ని దినాలు చెల్లె వాకిట్లనే ఆమెకు సొంత అర్ర. ఎవరినీ అడిగేది లేదు, ఎవరికీ చెప్పేది లేదు.

మొగోళ్లు భార్యలకు బంగారం చేయించుడు చూసిన. ఇసొంటిది చూడలే.

శుక్రవారం ఎక్కించి చూస్తమన్నరు. గల్లీ అంతా జమయింది. మా గల్లి మురికినీళ్ల మోరి దిక్కు జారుగుంటది. సమంగ ఉండదు. సదయ్య ఆ సంగతి చూసిండు. జారు దిక్కు ఉన్న రెండు కాళ్ల కింద, బాయిల పెట్టినట్టే, కట్టె ముక్కలు అడ్డం పొడుగు పేర్చి గూడు కట్టిండు. డబ్బల ఇత్తడి పళ్లెం పెట్టి నీళ్లు పోసిండు. నీళ్లు ఏ దిక్కూ జారకుండ నిలిచినయంటె డబ్బ సమంగున్నట్టు. గూటికీ కాలుకూ నడుమ చీలలు దూర్చి సుత్తెతోటి కొట్టిండు. టంగుమన్నది. నా దిక్కు చూసి, "విన్నవా వదినె?" అన్నడు. మొకం ఎలిగిపోయింది.

డబ్బ నాలుగు కాళ్ల మీద మనిషి నడుము పైదాక లేసింది. అంజి ట్రక్కు రివర్స్ తీసుకుంట ఆ కాళ్ల నడుమకెల్లి కిందికి రావాలె. "రా, రా, రా… జర ఎడమకు…" అని సదయ్య చెయ్యి ఊపుతున్నడు, కండ్లు మాత్రం చీలల మీదనే.

సగం దాక వచ్చింది బండి. యెనుక టైరు వాకిట్ల నల్లా పక్కనున్న గూటికాడికి వచ్చిందో లేదో, ఆడి నేల బుస్సుమని దిగవడ్డది. గూడు చెక్కు చెదరలే. చీల ఊడలే. గూడుకు గూడే, కాలుతోటి కలిసి, నేలల దిగింది! డబ్బ ఆ మూలకు వంగి, పోయి ట్రక్కు పక్క రేకుకు ఆనింది. లోపల డ్రమ్ము పడ్డది. తలుపు సందులకెల్లి నీళ్లు దుంకినయ్. కుర్చీ జారి వచ్చి, తలుపు తోసుకొని అందరి ముందట వాకిట్ల పడ్డది.

ఎవరో పక్కున నవ్విన్రు. "సదయ్య కాక పాయఖాన కట్టిండు రోయ్" అన్నరు.

నేను ఆ దిక్కు మర్లి ఏం తిట్టిన్నో ఇక్కడ రాయను. గని సారవ్వ గడపల నిలవడి అంతా చూసింది. లోపలికి పోయి తలుపేసుకున్నది. అంజి, జైపాల్ కలిసి జాకీలు తిప్పి, బండిని మెల్లగ బయటికి తీసి, డబ్బను కిందికి దించేసరికి పొద్దు తిరిగింది.

సదయ్య అన్నం ముట్టలే. డబ్బ పక్కకు నేలమీద కూసున్నడు. సుత్తె చేతులనే ఉన్నది.

"బాయిల ఇట్ల ఒక్కనాడు కాలే వదినె. నా దిమ్మె మీద ఎంత బరువు పడ్డా ఓర్సుకున్నది. ఇప్పుడు గింతంత రేకు డబ్బ నా చేతుల పడ్డది."

"డబ్బకేం కాలే. సొట్ట వడ్డదంతే."

"డబ్బ కాదు. ఆమె ఇగ ఎక్కది. లోపల ఉండంగ పడితె, అందరి ముందట… అదే ఆమె మనసుల వడ్డది. నాతోటి అన్నది, నేను రాను, రాజీకి జరం అని చెప్త అని."

నేను తలుపు కొట్టిన. తియ్యలే. మల్ల కొట్టిన. నేను ఊకెనే పొయ్యేదాన్ని కాదని సారవ్వకు తెలుసు, అందుకే ఆఖరికి తీసింది. బయటికి వచ్చి, చేతికర్రతోటి నల్లా పక్క నేలను పొడిచింది. కర్ర సులువుగ దిగింది.

"ఈడ నల్లా పైపు కొరకు తవ్విన్రు. మన్ను పోయకుండ బూడిద పోసి పోయిన్రు. నేను దినాం గిన్నెలు తోమిన నీళ్లు గుమ్మరించేది ఈడనే. నానకుంటె ఏమైతది?"

సదయ్య తలెత్తి చూసిండు. "ముందు చెప్పొద్దా?"

"నువ్వు అడిగినవా? పైకి చూసుకుంట టంగు టంగుమని కొట్టవడితివి."

"బాయిల కింద బండ ఉంటదే. కింద చూసే పని మాకెక్కడిది? కూలితె పైననే కూలేది."

"ఇది బాయి కాదు గదా!"

సదయ్య సుత్తె పక్కకు పెట్టి ఆ బూడిదను చేతితోటి తీసి, వేళ్ల నడుమ నలిపి చూసిండు. బాయిల ముప్పై ఏండ్లు చేసిన మనిషి, సొంత ఇంటి ముందటి మన్ను అప్పుడే మొదటిసారి ముట్టినట్టున్నది.

"ఒక్కసారి చూద్దాం సారవ్వా. ఒక్కటంటె ఒక్కసారి. అప్పుడు గూడ వద్దంటె, ఇనుపసామానోనికి ఇచ్చేస్త."

తెల్లారి నేను లేచేసరికి మొగుడు పెండ్లాలు వాకిట్లనే ఉన్నరు. ఆయన బూడిదంతా తోడి పారవోస్తున్నడు. ఆమె కర్రతోటి "ఇంకింత, ఇంకింత" అని చూపిస్తున్నది. గట్టి నేల తగిలినంక రాళ్లు వేసి, మొరం పోసి దిమ్మిస కొట్టిన్రు. కాళ్ల కింద గూళ్లకు బదులు పాత తలుపు చెక్కలు వెడల్పుగ పరిచిన్రు, బరువు ఒక్కకాడ పడకుండ. నా వంతుకు నేను గూడ మా పాత పీట ఇచ్చిన. అది ఇయ్యకుంటె నన్ను దగ్గరికి రానియ్యరేమోనని.

అంజి బండి తెచ్చినంక సారవ్వ షరతు పెట్టింది.

"ఇగో అంజీ, మీ మామను లోపల కూసోవెట్టు. నువ్వు జాకీ తిప్పు. నేను బయట నిలవడి చూస్త."

"నేనా?" అన్నడు సదయ్య.

"నువ్వే. నన్ను కూసోవెట్టాలనుకున్నవు గదా. ముందుగాల నువ్వు కూసో."

నేను నవ్వాపుకోలేకపోయిన. సదయ్య ఎక్కిండు. కూసోవడానికి మంచం ఉన్నా, కంగారుల ఆ కుర్చీ మీదనే కూసున్నడు. తలుపేసిన్రు. బాయిల ఎందరో ఆయన దిమ్మెల కింద కూసున్నరు గని, ఇంకొకరు నిలవెట్టిన దాంట్ల ఆయన ఎప్పుడు కూసున్నడు? లోపలికెల్లి ఒకటే మొత్తుకునుడు.

"అంజీ, అన్ని కాళ్లు కలిపి తిప్పు! ఒక్కటే ఎత్తకు!"

"తిప్పుతున్న మామా!"

"చప్పుడేంది? అగో, చప్పుడొచ్చింది!"

"అది పక్కింటోళ్ల తలుపయ్యా, ఊకో!" అన్నది సారవ్వ. ఆమె నడుము వంచుకొనే నాలుగు కాళ్ల చుట్టూ తిరుగుతున్నది. "అంజీ, మోరి దిక్కుది ఇంకో చుట్టు. ఆఁ… చాలు. నల్లా దిక్కుది చెక్క మీదనే ఉన్నది, దిగలే. ఇగ బండి రానియ్యి. మెల్లగ. మెల్లగ అంటె మెల్లగరా, కూరగాయలు కావు!"

బండి వచ్చింది. కాళ్ల నడుమకెల్లి సక్కగ వచ్చి ఆగింది. జాకీలు ఉల్టా తిప్పితె డబ్బ మెల్లగ దిగి ట్రక్కు మీద కూసున్నది. గొలుసులు బిగించిన్రు. తలుపు తీస్తె సదయ్య చెమటలతోటి తడిసి ఉన్నడు, ఇత్తడి పళ్లెం ఒళ్లె పట్టుకొని. పళ్లెంల నీళ్లు సగం ఆయన లుంగీ మీదనే.

"నీకు గూడ ఆగలేదా?" అన్నది సారవ్వ.

అంత పెద్దగ సారవ్వ నవ్వుడు నేను ఎన్నడూ వినలే.

ఆదివారం పొద్దుగాల ఎల్లిన్రు. "ఎల్లిన్రు" అంటున్న గని, నేను లేకుండ ఎట్ల పోతరు? ముందట అంజి, సారవ్వ, నేను. సదయ్య తన మోటర్‌సైకిల్ మీద యెనుక, డబ్బ మీదకెల్లి కండ్లు తియ్యకుండ. గోదావరి బ్రిడ్జి దాటినంక ఓసారి, మందమర్రి దాటినంక ఓసారి సారవ్వ "అంజీ" అన్నది. అంతే. అంజి బండి పక్కకు ఆపిండు, సదయ్య యెనుక తలుపుకు మెట్టు పెట్టిండు. ఆమె దిగి, పోయి, వచ్చి కూసున్నది. రెండోసారి వచ్చి కూసున్నంక కిటికీ అద్దం కిందికి దించి, ఆ చెట్లు, ఆ బొగ్గు లారీలు, ఆ దూరంగ మట్టి గుట్టలు చూసుకుంట, "ఈ తొవ్వ ఇంత బాగుంటదా అక్కా?" అన్నది. బతిమాలే పని లేకుంటె ఏ తొవ్వయినా బాగుంటదేమో.

గోలేటిల రాజకుమారి ఇల్లు జర ఎత్తుల ఉన్నది. వాకిలి రోడ్డు దిక్కు వాలుంటది. షామియాన వేసిన్రు, సుట్టాలు కూసున్నరు. బండి ఆగంగనే రాజకుమారి ఉరికొచ్చింది. అక్కను చూసి మొకం విప్పారింది. అంతలనే ఆమె కండ్లు డబ్బ మీద పడ్డయ్. కిటికీ, పూల పరద, లోపల మంచం.

"ఇదేందక్కా?"

"మీ బావ చేసిండు. ఉన్నన్ని దినాలు నేను దీంట్ల…"

"మా ఇంట్ల పండితె ముండ్లు గుచ్చుకుంటయా?" రాజకుమారి గొంతు లేసింది. సుట్టాలందరు మర్లి చూసిన్రు. "ఇన్నేండ్లకు వస్తివి, ఇల్లే ఎత్తుకొని వస్తివా? నా కప్పు కింద నీళ్లు గూడ తాగనని చెప్పనీకె వచ్చినవా?"

సారవ్వ మొకం పాలిపోయింది. నాకు నాలిక కొసకు వచ్చింది. చెప్పేద్దునా అని నోరు తెరిసిన. సారవ్వ నా మణికట్టు పట్టుకున్నది, గట్టిగ.

"నువ్వు చెప్పకు అక్కా. నేనే చెప్త." చెల్లె దిక్కు మర్లి, "ముందు దించనియ్యి రాజీ. దించినంక నీకు చూపిస్త. నీకొక్కదానికే. చూసినంక పొమ్మంటె ఇదే బండి ఎక్కి పోత" అన్నది.

రాజకుమారి రెండు చేతులు కట్టుకొని నిలవడ్డది. నా జన్మల మూయనంత గట్టిగ నా నోరు మూసుకున్న.

దించుడు మొదలైంది. సదయ్య ఈసారి పైకి చూడలే. బండి చుట్టూ మోకాళ్ల మీద తిరిగి, నాలుగు కాళ్లు పడేకాడ నేలను మడిమెతోటి తొక్కి చూసిండు. ఓ కాడ పూలమొక్కలకు తవ్విన మన్ను మెత్తగున్నది. బండిని జర ముందుకు జరిపించిండు. టైర్లకు రాళ్లు అడ్డం పెట్టిండు. తలుపు చెక్కలు పరిచి జాకీలు తిప్పుతుంటె, వాలు మీద డబ్బ గూడ బండి తీరుగనే ముందు దిక్కు లేసి ఉన్నది. ఇత్తడి పళ్లెంల నీళ్లు ఒక్క దిక్కుకు జారినయ్.

"సమంగ లేదు. యెనుక కాళ్లు ఎత్తాలె" అన్నడు సదయ్య.

"ఇప్పుడు ఎత్తితె ముందు కొస బండికి తగులుతది" అన్నది సారవ్వ. "బండి ఎట్ల వంగిందో డబ్బ గట్లనే ఉండనియ్యి. ముందు బండిని పోనియ్యి. నీ పళ్లెం తర్వాత."

టైర్ల కింది రాళ్లు తీసినంక అంజి బండిని ముందుకు తీసిండు. ఇంచు ఇంచుకు. రాజకుమారి చేతులు ఎప్పుడు విప్పిందో నేను చూడలే గని, ఉన్నట్టుండి ఆమె గొంతు వినవడ్డది:

"బావా, ఈ దిక్కు కాలు చెక్క అంచుకు వచ్చింది! చూడు!"

సదయ్య ఉరికిండు. అంజి ఆపిండు. చెక్క కాలు కిందికి సరిగ్గ జరిపినంక, బండి మల్ల కదిలింది. ఖాళీ ట్రక్కు బయటికి వచ్చింది. నీలం అర్ర తన నాలుగు కాళ్ల మీద నిలవడ్డది. అప్పుడు కాళ్లు ఒక్కొక్కటి కురచ చేసుకుంట, పళ్లెంల నీళ్లు నిలిచేదాక సమం చేసి, నేలకు దగ్గరగ దించిండు. మెట్టు పెట్టిండు.

సారవ్వ మెట్టెక్కి చెయ్యి చాపింది.

"రా రాజీ."

రాజకుమారి ఎక్కింది. తలుపు మూసుకున్నది.

నేను పోయి చెవి పెట్టిన. అబద్ధం ఎందుకాడాలె? ఏం వినవడలే. రేకు మందంగున్నది, సదయ్య లోపలి దిక్కు రేకుకు దుప్పట్లు గూడ అంటించిండు. తర్వాత ఏడ్పు వినవడ్డది. ఎవరిదో తెలువలే, ఇద్దరిదీనేమో. డబ్బ కదులుడు మొదలైంది.

"ఓ సారవ్వా! కదలకుండ్రి!" అన్నడు సదయ్య, చేతులతోటి మూల పట్టుకొని.

సుట్టాలు నవ్విన్రు. అంతలనే తలుపు తెరుసుకున్నది. రాజకుమారి కండ్లు ఎర్రగున్నయ్. మెట్టు మీద నిలవడి, షామియాన దిక్కు చూసి, అందరికి వినవడేటట్టు అన్నది:

"మా అక్కకు నడుముకు మా మంచాలు పడవు. అందుకే సొంత మంచం తెచ్చుకున్నది. దీంట్ల వింత ఏమున్నది? తొట్లెకు పూలు కట్టిన్రా లేదా?"

ఇంకొక్కలు అడగలే. ఆమె గొంతు గట్లున్నది. నేను గూడ గొంతు కలిపిన: "అవునమ్మా, పూలెక్కడ?"

తొట్లెల బిడ్డను సారవ్వనే వేసింది. వంగిన నడుమాయె, తొట్లె ఎత్తు మీదున్నది. రాజకుమారి వచ్చి అక్క మోచేతుల కింద తన చేతులు పెట్టింది. ఇద్దరు కలిసి వేసిన్రు. బిడ్డ కండ్లు తెరవలే, ఆవులించింది. శోభ "పెద్దమ్మా, పేరు చెవుల నువ్వే చెప్పు" అన్నది. ఏం చెప్పిందో నేను ముందట ఉండి విన్న.

అన్నాలైనంక అంజి ఖాళీ ట్రక్కు తీసుకొని పోయిండు, మార్కెట్టు సరుకు ఉన్నదని. నన్ను గూడ ఎక్కుమన్నడు. "నేనెందుకొస్తరా, ఇంకా చూసేది ఉన్నది" అన్న.

పొద్దు గుంకే యాళ్లకు రాజకుమారి ఇంట్లకెల్లి మెత్త, దుప్పటి పట్టుకొని వచ్చింది.

"జరుగక్కా. మంచం సన్నగున్నది."

"నీకు ఇంట్ల పెద్ద మంచం ఉన్నది గాదే?"

"నా కప్పు కింద నువ్వు పండకుంటె, నీ కప్పు కింద నేను పంట. బావా, ఇద్దరం పంటె ఓర్సుకుంటదా ఇది?"

సదయ్య ఎప్పటి తీరుగ పైకప్పు దిక్కు చూస్తడని నేను ఎదురు చూసిన. చూడలే. మోకాళ్ల మీద కూసున్నడు. ఒక్కో కాలు కిందికి వంగి, చెక్క దిగిందా, మన్ను పక్కకు వచ్చిందా అని చేతితోటి తడిమి తడిమి చూసిండు. నాలుగోది చూసి లేచి, చేతులు దులుపుకొని,

"ఓర్సుకుంటది. పండుకోండ్రి" అన్నడు.

తలుపు మూసుకున్నది. లోపలికెల్లి గుసగుసలు మొదలైనయ్. నేను మెట్టు దగ్గరికి జరిగిన గని, సదయ్య నా దిక్కు ఒక చూపు చూసి పీట తెచ్చి దూరంగ, షామియాన కింద వేసిండు.

"ఈడ కూసో వదినె. మనమిద్దరం చాయ తాగుదాం."